కప్పకూ ఒక ఇంటిపేరు

నా చిన్నప్పుడు మేము వరంగల్ స్టేషన్‌కు అవతలి వైపు, కరీమాబాద్‌లో ఒక వరుస ఇళ్లలో అద్దెకుండేవాళ్లం. నాన్న డోర్నకల్‌లో రైలు పట్టాలు చూసే గ్యాంగులో పనిచేసేవాడు. సెలవు దొరికిన రోజు ప్యాసింజర్ బండెక్కి ఇంటికి వచ్చేవాడు. అమ్మ పొద్దున్నే మిల్లు పనికి పోతే చీకటి పడితే గానీ తిరిగొచ్చేది కాదు. కాబట్టి పగలంతా ఇల్లు మా నాయనమ్మ రాజ్యం.

నాయనమ్మకు ఒక అలవాటు ఉండేది. గడప తొక్కినవాళ్లెవరైనా సరే, మంచినీళ్లు ఇవ్వకముందే ఇంటిపేరు అడిగేది. గాజులమ్మే ఆమెనూ అడిగేది, కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయననూ అడిగేది. ఇంటిపేరు చెవిన పడితే చాలు, వాళ్లది ఏ ఊరో, ఎవరికి పాలోళ్లో, ఎవరింటి పిల్లను ఎవరింటికి ఇచ్చారో వరసగా చెప్పుకుంటూ పోయేది. పాలోళ్లంటే ఒకే ఇంటిపేరున్న దాయాదులు. ఆమె చెప్పేవాటిలో సగం తప్పులేనని నా అనుమానం. అయినా నాయనమ్మకు ఎదురు చెప్పినవాళ్లను నేను చూడలేదు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు హన్మకొండలో సైన్స్ ఎగ్జిబిషన్ పెడుతున్నారని తెలిసి, మా సైన్స్ సారు మా బడి తరఫున కూడా ఒక బల్ల ఉండాలనుకున్నారు. మాది తెలుగు మీడియం సర్కారు బడి. బడిలో ఉన్న సంపదంతా ల్యాబు అల్మారాలో సీసాల్లో నానుతున్న కప్ప, నాగుపాము, బొద్దింక లాంటివే. వాటిని బల్ల మీద పెట్టి, వెనక పులీ సింహం నక్కా బొమ్మల చార్టులు వేలాడదీయాలని సారు ఆలోచన. ఒక్కో జంతువు ముందు దాని శాస్త్రీయ నామం రాసిన అట్టముక్క ఉండాలి. ఆ అట్టముక్కలు రాసే పిల్లే బల్ల వెనక నిలబడి వచ్చినవాళ్లకు చెప్పాలని కూడా పట్టుబట్టారు. నా గొంతు పెద్దదని నన్ను ఎంచుకున్నారు. నా తెలివి గురించి మాత్రం ఏమీ అనలేదు.

ఆ సాయంత్రం నాన్న ఇంట్లోనే ఉన్నాడు. నాన్న ఎన్నడూ మా బడి గేటు దాటి లోపలికి రాలేదు. చదువుకోనివాడికి బడిలో ఏం పని అనేవాడు. నేను ఎగ్జిబిషన్ సంగతి చెప్పేసరికి తింటున్న కంచం పక్కకు జరిపి, "నువ్వే నిలబడి చెప్తవా? అందరికా?" అని అడిగాడు. అవునన్నాను. కాసేపు ఏదో లెక్క వేసుకుని, "అయితె నేనొస్త బిడ్డా. డ్యూటీ ఎవరితోనన్న మార్చుకుంట" అన్నాడు. మరునాడు డోర్నకల్ పోయాక గ్యాంగులో అందరికీ చెప్పుకున్నాడట. ఆ మాట మా ఇంటికి తిరిగొచ్చింది కూడా. ఇక నేను ఆ బల్ల వెనక లేకపోతే నాన్న అంతదూరం నుంచి వచ్చి ఎవరి పిల్లనో చూసి పోవాలి. ఆ సంగతి తలుచుకుంటే నాకు అన్నం సయించేది కాదు.

ఎందుకు సయించదంటే, తీరా రాయడం మొదలుపెట్టాక నాకు ఒక్క పేరూ నిలవలేదు. మా పుస్తకంలో శాస్త్రీయ నామాలు తెలుగు అక్షరాల్లోనే ఉండేవి. సారు వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో రాయమన్నారు. ప్రపంచమంతటా అలాగే రాస్తారన్నారు. అక్కడే నాకు చిక్కొచ్చింది. మన అక్షరాల్లో పెద్దవీ చిన్నవీ అని రెండు రకాలు లేవు. అమ్మలో ఉన్నదీ అరటిపండులో ఉన్నదీ ఒకటే 'అ'. పెద్ద ముఖ్యమైన పేర్లు కదా అని నేను మొత్తం పెద్ద అక్షరాల్లో రాసుకుపోయాను. సారు ఎర్రసిరాతో కొట్టేశారు. ఈసారి రెండు మాటలకూ మొదటి అక్షరం పెద్దది పెట్టాను. మళ్లీ కొట్టేశారు. చేత్తో రాస్తే కింద గీత గీయాలన్నారని ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒకే గీత లాగాను. అదీ కొట్టేశారు.

అన్నిటికంటే ఘోరం మొదటి మాట గుర్తుండకపోవడం. రెండో మాట ఎలాగో పట్టుకునేదాన్ని. కప్ప పేరు రానా టిగ్రీనాలో టైగర్ వినపడుతుంది, బొద్దింక పేరు పెరిప్లానెటా అమెరికానాలో అమెరికా ఉండనే ఉంది. ముందున్న మాటలు మాత్రం ఈ చెవిలో దూరి ఆ చెవిలోంచి పోయేవి. ఒకరోజు బొద్దింక సీసా ముందు పెట్టే అట్టముక్క మీద వట్టి అమెరికానా అని రాసి ఇచ్చాను. సారు దాన్ని క్లాసులో అందరికీ ఎత్తి చూపించి, "అమెరికా నుంచి ఎవరొచ్చిండ్రు పిల్లలూ?" అని అడిగారు. క్లాసంతా పగలబడి నవ్వింది. అది చాలదన్నట్టు చివరి అక్షరాలు మింగేసేదాన్ని. నెమలిని పావో క్రిస్టేట్ అని ఊరుకునేదాన్ని, చివర ఉండాల్సిన అస్ ఎటు పోయిందో నాకే తెలియదు.

సారు చివరికి ఒక మాట చెప్పేశారు. శనివారం అన్ని పేర్లూ చూడకుండా రాసి చూపించాలి. ఒకటీ అరా పోతే పోనిస్తారు, కానీ ఇదే తంతు అయితే బీ సెక్షన్ పిల్లను నిలబెడతారు. ఆ పిల్ల చేతిరాత ముత్యాల్లా ఉండేది. నాకు ఆ పిల్లంటే అప్పటిదాకా ఏ కోపమూ లేదు, ఆరోజు నుంచి వచ్చింది.

మా పక్కింట్లో ఒక ఆపా ఉండేది. ఆపా అంటే ఉర్దూలో అక్క. వాళ్ల గోడా మా గోడా ఒక్కటే. వాళ్ల నాన్న మండీ దగ్గర గడియారాలు బాగుచేసేవాడు. ఆపా డిగ్రీలో జువాలజీ చదువుతుండేది. నేను గడప మీద కూర్చుని అట్టముక్కల మీద కసి తీర్చుకుంటుంటే ఆమె బియ్యం చాట పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. నా కాగితం మీది ఎర్రసిరా చూసి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

"అరే, గింతదానికి ఫికర్ ఎందుకే? పేర్లు బట్టీ కొడితె ఉంటయా? మీ చుట్టాల పేర్లు ఎన్నడన్న బట్టీ కొట్టినవా?" అంది.

కొట్టలేదన్నాను. మరి ఎలా గుర్తున్నాయని అడిగింది. వాళ్లు ఇంటికి వస్తారు, నాయనమ్మ అడుగుతుంది, వాళ్లు చెబుతారు, అలా గుర్తుంటాయన్నాను. "మరి వీళ్లను గూడ రానియ్యి" అని, మంచం మీద పడుకున్న నాయనమ్మను లేపి కూర్చోబెట్టింది. "అవ్వా, చుట్టాలొస్తాండ్లు. జర ఇంటిపేర్లు అడుగు" అంది.

అలా మొదలైంది ఆ ఆట. నేను బయటికి పోయి జంతువునై తలుపు తట్టాలి. నాయనమ్మ లోపలి నుంచి ఎవరింటోళ్లని అడగాలి. శాస్త్రీయ నామంలో మొదటి మాట ఇంటిపేరు, రెండోది సొంత పేరు. మన తెలుగువాళ్లు రాసుకున్నట్టే ఇంటిపేరు ముందు వస్తుంది, సొంత పేరు దాని వెనక వస్తుంది. ఇంత తేలిక సంగతి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఒకవేళ సారు చెప్పినా ఆయన వాడిన ప్రజాతి, జాతి అనే మాటలు నా బుర్రకు అంటలేదు.

మొదట పులినై వచ్చాను. పాంథెరా వాళ్లమన్నాను, పేరు టైగ్రిస్ అన్నాను. నాయనమ్మ కూర్చోమంది. తర్వాత సింహాన్నై వచ్చి పాంథెరా వాళ్లమే, పేరు లియో అన్నాను. చిరుతపులినై వచ్చి మళ్లీ పాంథెరా అన్నాను. నాయనమ్మకు హుషారొచ్చింది. "అంటె మీరంత పాలోళ్లేనా? అయితె మీ ఇండ్లల్ల పిల్లనిచ్చుడు కుదరదు" అని తేల్చేసింది. ఆపా చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. కుక్క ఇంటిపేరు కానిస్, నక్క ఇంటిపేరు కూడా కానిస్సే అని చెబితే మాత్రం నాయనమ్మ చాలాసేపు ఒప్పుకోలేదు. తర్వాత తనే ఆలోచించుకుని, "పాలోళ్లయితె నిజమే. అందుకే ఒకదాన్ని జూస్తె ఒకదానికి పడది" అంది. నాగుపాము నాజా నాజా అనేసరికి ఆమెకు నచ్చలేదు. ఇంటిపేరూ అదే, పేరూ అదేనా, పేరు పెట్టినాయనకు బద్దకమేమో అని విసుక్కుంది. నాకు మాత్రం అన్నిటికంటే తొందరగా వచ్చింది అదే.

రాత కూడా ఆపా అలాగే కుదిర్చింది. ఇంటిపేరు పెద్దల నుంచి వచ్చింది కాబట్టి దాని మొదటి అక్షరం పెద్దది. మనం ఎంత గొప్పవాళ్లమైనా ఇంటి ముందు చిన్నవాళ్లమే కాబట్టి సొంత పేరు మొత్తం చిన్న అక్షరాలే. గీత విషయానికొస్తే, ఇంటికి ఇద్దరొస్తే ఇద్దరికీ రెండు చాపలు వేస్తామా, ఒకే చాప మీద ఇరికిస్తామా అని అడిగింది. రెండు చాపలన్నాను. ఆ తర్వాత ఈనాటిదాకా ఆ రెండు గీతలూ నేను కలపలేదు. ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంతో రాయొచ్చు, కానీ అది రెండోసారి నుంచే. మొదటిసారి నిండుగా రాయాల్సిందే అని చెప్పింది. ముక్కూ మొహం తెలియకముందే పొట్టి పేరుతో పిలిస్తే ఎవరికి మాత్రం బాగుంటుంది?

ఆమధ్య మా మనవరాలు కాలేజీ పుస్తకం చూస్తూ, కప్ప ఇప్పుడు రానా కాదు నానమ్మా, హోప్లోబట్రాకస్ అంది. చివరి మాట కూడా టిగ్రీనా పోయి టైగరినస్ అయిందట. ఎవరో పరిశోధించి అది వేరే ఇంటి కప్ప అని తేల్చారట. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఇంటిపేరు మారడం ఆడపుట్టుక పుట్టిన మాకు తెలియని సంగతా? అయినా మారేముందు నన్నొక మాట అడిగి ఉంటే బాగుండేదనిపించింది, అంత కష్టపడి నేర్చుకున్నాను మరి.

అప్పట్లో నా చివరి అక్షరాలు మింగే అలవాటు మాత్రం చాపలతోనూ చుట్టాలతోనూ పోలేదు. నేను మళ్లీ నెమలిని క్రిస్టేట్ అనేసరికి ఆపా నవ్వడం మానేసింది. తన సంగతి ఒకటి చెప్పింది. ఆమె పదో తరగతి పరీక్ష రాసేటప్పుడు హాల్‌టికెట్ మీద ఎవరో ఆమె పేరులో చివరి 'ఆ' వదిలేశారట. అంతే, ఆడపిల్ల పేరు కాస్తా మగవాడి పేరైపోయింది. పరీక్ష హాల్లో ఆమెను నిలబెట్టి, నువ్వెవరివి, ఈ అబ్బాయేడి అని అడిగారట. పక్కవాళ్లు నవ్వుతుంటే, అందరికంటే ఆలస్యంగా పేపరు చేతికొచ్చింది. ఆ తర్వాత ఆ అక్షరం మళ్లీ తెచ్చుకోవడానికి వాళ్ల నాన్న గడియారాల కొట్టు మూసుకుని ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగాడో చెప్పింది.

"ఒక్క అచ్చరమే గదా అంటరు. ఎవలది వాళ్లకు తెలుస్తది. నెమలికి నోరు లేదు, నోరున్నదానివి నువ్వన్న నిండుగ చెప్పు" అంది.

ఆరోజు నుంచి ఎవరు ఏ పేరు చెప్పినా నేను చివరిదాకా వినేదాన్ని. మింగినవాళ్లను సరిదిద్దేదాన్ని కూడా. ఇంట్లో అందరికీ నాతో విసుగొచ్చింది. నాయనమ్మ పెరిప్లానెట్ అంటే పెరిప్లానెటా అని వెంటపడేదాన్ని.

శనివారం సారు ముందు కూర్చుని అన్నీ రాశాను. కాకి దగ్గర స్ప్లెండెన్స్‌లో ఒక అక్షరం తప్పింది. సారు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, రెండేసి గీతల వైపు కాసేపు చూసి, "కాకి పేరు ఎవడూ అడగడు లే, పో" అన్నారు. నేను బడి నుంచి ఇంటిదాకా పరుగెత్తాను. ఆపా కాలేజీ నుంచి వచ్చేదాకా ఆగలేక వాళ్లమ్మకు చెప్పాను.

ఎగ్జిబిషన్ రోజు నాన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, తలకు నూనె పెట్టుకుని వచ్చాడు. తిన్నగా నా దగ్గరికి రాలేదు. హాలు గుమ్మం దగ్గర చెప్పులు విప్పబోతే ఎవరో అక్కర్లేదన్నారు. అందరితోపాటు వరుసలో నిలబడి, ముందున్న బల్లలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాడు. నేను నా ముందున్నవాళ్లకు పేర్లు చెబుతూనే కంటికొసన నాన్ననే చూస్తున్నాను. నా గొంతు హాలు ఆ చివరిదాకా వినిపించిందని తర్వాత సారు అన్నారు.

నాన్న నా బల్ల ముందుకు వచ్చేసరికి వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు. నేను పరాయివాళ్లకు చెప్పినట్టే కప్పతో మొదలుపెట్టాను. నాన్న చేతులు కట్టుకుని వింటున్నాడు. అప్పుడే అటువైపు నుంచి మా ఊరి పటేలు వచ్చాడు. మా సొంతూరు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర ఒక పల్లె. రైల్వే పని దొరకకముందు నాన్న ఆ పటేలు పొలంలోనే పనిచేసేవాడు. పటేలు మనవడిది కూడా అక్కడెక్కడో ఒక బల్ల ఉంది. ఆయన నాన్నను చూసి ఆగాడు. నాన్న పేరును సగానికి విరిచి, చివరి 'అయ్య' తీసేసి అక్కడ 'గా' తగిలించి, "ఏందిరో, నువ్వేంది ఈడ?" అని అందరూ వినేలా పిలిచాడు.

ఆ రోజుల్లో కూలిపని చేసేవాళ్ల పేర్లకు చివర అయ్య మిగిలేది కాదు. మా ఊళ్లో నాన్నను అందరూ అలాగే పిలిచేవాళ్లు. నేను పుట్టినప్పటి నుంచీ విన్నదే. దాని గురించి నేను ఎప్పుడూ ఏమీ అనుకోలేదు. ఆరోజు కూడా నాకు కోపమేమీ రాలేదు, ధైర్యమూ లేదు. పొద్దుటి నుంచి పేర్లు చెప్పీ చెప్పీ నోరు ఆ దారిన పడి ఉంది. అంతే, మాట జారింది.

"గట్ల గాదు తాతా" అన్నాను. అని, మా ఇంటిపేరు చెప్పాను. తర్వాత నాన్న పేరు చెప్పాను, చివర అయ్య మింగకుండా. పక్కన సీసాలో ఉన్న కప్పకు ఎంత నిండుగా చెప్పానో అంతే నిండుగా చెప్పాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు. నాన్న మొహం నల్లబడింది. "చిన్నపిల్ల, ఏమనుకోకు పటేలా" అన్నాడు. పటేలు నా వైపు చూశాడు, బల్ల మీది అట్టముక్కల వైపు చూశాడు. "నీ బిడ్డ మంచిగనే చదువుతాందిరా" అని, మనవడి బల్ల వెతుక్కుంటూ వెళ్లిపోయాడు. నాన్న కూడా వరుసతోపాటు ముందుకు కదిలాడు.

నాన్న డ్యూటీ మార్చుకుని వస్తే నలుగురిలో తల దించుకునేలా చేశానని నాకు అర్థమైంది. తర్వాత వచ్చినవాళ్లకు ఏం చెప్పానో గుర్తులేదు. నాన్న వెళ్లిపోయి ఉంటాడనుకున్నాను. డోర్నకల్ బండికి వేళవుతోంది.

కాసేపటికి తలెత్తి చూస్తే నాన్న మళ్లీ వరుసలో ఉన్నాడు. ఇందాక ఒకసారి చూసిన బల్లలన్నీ మళ్లీ మొదటి నుంచి చూసుకుంటూ వస్తున్నాడు. నా దగ్గరికి వచ్చేసరికి ముందూ వెనకా ఎవరూ లేరు. బల్ల మీదికి వంగి, చాలా నెమ్మదిగా, "బిడ్డా, ఇందాక చెప్పినవ్ గదా. అది ఇంకోసారి చెప్పు" అన్నాడు.

నేను కప్ప సీసా ముందుకు జరిపాను.

"కప్పది కాదు" అన్నాడు నాన్న. "నాది."

చెప్పాను. ముందు ఇంటిపేరు, తర్వాత పేరు, చివరిదాకా. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. తర్వాత సరేనని తలూపి, బండికి వేళయిందని వెళ్లిపోయాడు. ఆ సంగతి నాన్న మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నేను జువాలజీ చదవలేదు. పెళ్లయ్యాక ఒక పెద్ద దవాఖానలో ఓపీ చీటీలు రాసే కౌంటర్‌లో ఉద్యోగం వచ్చింది, రిటైరయ్యేదాకా అదే చేశాను. నర్సంపేట నుంచి, డోర్నకల్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో మిర్చి కల్లాల్లోంచీ పత్తి చేలల్లోంచీ లేచి నేరుగా వచ్చేవాళ్లు. పేరేంటంటే సగం పేరే చెప్పేవాళ్లు, తమను ఊళ్లో ఎలా పిలుస్తారో అలాగే. నేను ఇంటిపేరు అడిగేదాన్ని. అసలు పేరు అడిగేదాన్ని. వరుసలో వెనకవాళ్లు విసుక్కునేవాళ్లు, విసుక్కోనిచ్చేదాన్ని. రాశాక చీటీ వెంటనే చేతికివ్వకుండా, అందులో రాసిన పేరు ఒకసారి పైకి చదివేదాన్ని. అలా చదివేటప్పుడు నేను కాగితం వైపు చూసేదాన్ని కాదు, వాళ్ల మొహం వైపు చూసేదాన్ని. ఇప్పుడు కౌంటర్ లేదు గానీ అలవాటు పోలేదు. ఇంటికి ఎవరొచ్చినా పేరు అడిగి, ఒకసారి నిండుగా పలికి, వాళ్ల మొహం చూస్తాను.